రాతిపిల్ల పెదవి మూల

మార్చి 3, 1958, సోమవారం

లిబెరో ఎలా ఉన్నాడు? నిన్న ఉన్నట్టే ఉన్నాడు. కుడి చెయ్యి ఒళ్లో పడుకున్న పిల్లిలా కదలకుండా ఉంది. కాలు ఈడ్చుకుంటూ షెడ్డు గుమ్మం దగ్గర కుర్చీ దాకా వచ్చాడు. చిక్కుడు గింజల చారు సగం తాగాడు, సగం చొక్కాకి తాగించాడు. ఆడపడుచు ఫోస్కా మోకాలు ఎలా ఉంది? వాచింది. నోటికి మాత్రం ఏ వాపూ లేదు. దాని కొడుకు రినాల్దో ఎలా ఉన్నాడు? గని నుంచి సాయంత్రం దిగి వచ్చేదాకా చెప్పలేను. మా అమ్మాయి అల్బా ఎలా ఉంది? అదే తెలియదు. ఏడో నెల. అత్తవారి ఊరు లా స్పెత్సియా నుంచి కబురు లేదు. కాళ్లు వాచాయని పోయిన నెల చెప్పింది. కాళ్లు వాస్తే మంచిది కాదంటారు. నేను ఎలా ఉన్నాను? అడిగే మనిషికి మాట పోయింది కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

షెడ్డులో రాతిపిల్ల ఎలా ఉంది? మా అందరికంటే అదే బాగుంది.

ముఖం పూర్తిచేసి, ఆకురాయి కడిగి గూట్లో పెట్టిన వారానికే లిబెరో పక్షవాతంతో పడిపోయాడు. ఇప్పుడు నోట్లో మిగిలింది ఒక్కటే మాట, మేరీమాత పేరు. "మడోన్నా!" ఆకలైనా అదే, కోపమైనా అదే, దుప్పటి జారినా అదే. పుట్టి బుద్ధెరిగాక గుడి గడప తొక్కని మనిషి. తొక్కినా పాలరాతి పలకలు మోసుకుపోవడానికే. ఫోస్కా ఊరుకుంటుందా?

"అన్నయ్యా, డెబ్బై ఏళ్లు మేరీమాతని తిట్టావు. ఇప్పుడు చూడు, రోజంతా ఆవిడ జపమే!"

లిబెరో ఎడమ చేత్తో కర్ర ఎత్తాడు. "మడోన్నా!"

"విన్నావా వదినా, మళ్లీ మొదలెట్టాడు."

నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు సాయంత్రం దాకా గుండె దడదడలాడింది.

మార్చి 4

కార్ఖానా యజమాని ఎర్మానో బాబు కరారా నుంచి వచ్చాడు. ఒళ్లు, బట్టల మడతలు, దానిమ్మ పండు పట్టుకున్న చెయ్యి అన్నీ కింద కార్ఖానాలో చెక్కించి, ముఖం మాత్రం మిగిల్చి బొమ్మను లారీలో మా షెడ్డుకి ఎక్కిస్తాడు. ఇన్నేళ్లుగా అదే పద్ధతి. ముఖం లిబెరోది, నునుపు నాది.

"ఆర్జియమ్మా, మెడ మీద, చెంపల మీద తేలిగ్గా ఒక్క చెయ్యి వెయ్యి, చాలు. నోటి దగ్గరికి మాత్రం వెళ్లకు" అన్నాడు.

నాకు చెప్పాలా? పదమూడో ఏట నుంచి రాయి రుద్దుతున్నాను.

ఈ బొమ్మ ప్రొసెర్పినా. పాతాళం రాజు ఎత్తుకుపోతే, అక్కడ దానిమ్మ గింజలు తిని, ఏడాదిలో సగం తల్లికి దూరమైన పిల్ల. జెనోవాలో దెల్ఫీనా అమ్మగారి కూతురు క్లేలియా సమాధి మీదికి. అమ్మగారు ముందు రెక్కల దేవదూత కావాలంది. అప్పుడు లిబెరోకి మాట ఉంది. "రెక్కలు కోళ్లకైతే చెక్కుతానమ్మా, మనుషులకి చెక్కను" అన్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ కోప్పడలేదు. "అయితే ప్రొసెర్పినాని చెయ్యండి. కాని ఏడుపు ముఖం వద్దు. మా పిల్లకి నవ్వొస్తే నోరు బిగించేది. నవ్వు వచ్చి ఇక్కడ ఆగిపోయేది" అని పెదవి మూల వేలు పెట్టి చూపించింది. లిబెరో ఆ వేలునే చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు.

కార్ఖానాలో ఉన్న ప్రొసెర్పినా ప్లాస్టర్ నమూనాకి నోరు ఎప్పుడో అరిగిపోయింది. ఎందరు మేస్త్రీలు వేళ్లు పెట్టి తడిమారో. నమూనా నుంచి రాతికి కొలతలు దించే సూదికి అక్కడ అందేది ఏమీ లేదు. అందుకే ఎవరు చెక్కినా నోరు వాళ్ల సొంతమే. ఈ నోరు లిబెరోది. ఆ మూల ఉన్న గుంట గోధుమ గింజంత లేదు. దూరం నుంచి చూస్తే పిల్ల ఏదో దాస్తోందని తెలుస్తుంది.

మార్చి 7

మెడ అయింది. నురగరాయి, నీళ్లు, తర్వాత తడిగుడ్డ. నీళ్లలో చెయ్యి పెడితే మనసు కుదుటపడుతుంది.

మార్చి 10

అల్బా నుంచి కబురు లేదు. చెంపలు రుద్దాను.

మార్చి 11

ఈరోజు గడ్డం మాత్రమే.

మార్చి 14, శుక్రవారం

లిబెరోకి చారు అడ్డం పడింది. ముఖం నల్లబడింది. వీపు మీద కొట్టాను, నోట్లో వేలు పెట్టాను, ఫోస్కాని కేకేశాను. ఫోస్కా వచ్చేసరికి తేరుకుని "మడోన్నా" అన్నాడు, చాలా నెమ్మదిగా. భోజనాలయ్యాక నిద్రపోయాడు. ఊపిరి ఆడుతోందా అని చూసి, మళ్లీ చూసి, షెడ్డులోకి వెళ్లాను. నోటి పక్కన ఆకురాయి గీతలు కొన్ని ఉండిపోయినట్టు అనిపించింది. వాటిని మాత్రం తీశాను.

మార్చి 15

గీతలు ఇంకా ఉన్నట్టున్నాయి. కొంచెమే.

మార్చి 17

ఈరోజు రుద్దలేదు. ఊరికే తుడిచాను.

మార్చి 19

రినాల్దో చీకటి పడినా రాలేదు. సారా కొట్టులో ఉన్నాడట. అది తెలిసేలోపల నేను ఎంతసేపు షెడ్డులో ఉన్నానో తెలియదు. బక్కెట్లో నీళ్లు పాలలా తెల్లగా అయ్యాయి. గుమ్మరించి వచ్చాను.

మార్చి 21, శుక్రవారం

ఫోస్కా గుడ్లు పట్టుకొచ్చింది. లిబెరోతో కాసేపు తగువాడి, షెడ్డులో తొంగి చూసింది.

"ఏమే వదినా, ఈ పిల్లకేమయిందే?"

"ఏమయింది? ఏమీ కాలేదు."

"మొన్న చూస్తే పక్కన నిలబడి నన్నే వెక్కిరిస్తున్నట్టుండేది. ఇప్పుడు ఒలిచిన గుడ్డులా ఉంది."

"వెలుతురు తగ్గింది. మబ్బేసింది."

"మబ్బెక్కడుందే? బయట నా నెత్తి మాడిపోతోంది."

"నీ కళ్లకి అద్దాలు పెట్టించుకో ముందు."

"నా కళ్లకేం? మీ ఆయన పెళ్లిలో నీకు కన్ను కొట్టింది కూడా ఈ కళ్లతోనే చూశాను" అని గుడ్లు దింపి వెళ్లిపోయింది.

మార్చి 22

వెలుతురు వల్లనే.

మార్చి 23, ఆదివారం

గోడకున్న చిన్న అద్దం దింపి షెడ్డులోకి తీసుకెళ్లాను. మేస్త్రీలు ఎలా చూస్తారో అలా, ఎండని అద్దంలో పట్టి, బొమ్మ ముఖం మీద పక్కనుంచి పడేలా పెట్టాను. పక్కవాటు వెలుతురు అబద్ధం చెప్పదు. నుదురు ఉంది. ముక్కు ఉంది. పెదవి ఉంది. పెదవి మూల లేదు. వేలు పెట్టి చూస్తే వేలు జారిపోయింది.

నేనే. ఇంకెవరు? లిబెరో ఊపిరి కోసం, అల్బా కాళ్ల కోసం, రినాల్దో కోసం, భయం వేసినప్పుడల్లా నా చెయ్యి అక్కడికే పోయింది. నా కంగారంతా ఆ పిల్ల నోటి మీద అరగదీశాను.

అద్దం తెచ్చి మళ్లీ గోడకి తగిలించాను. అందులో నన్ను చూసుకోలేదు.

మార్చి 27, గురువారం

ఎర్మానో బాబు వచ్చాడు. తలుపు మూద్దామనుకున్నాను. మూయలేదు. చూశాడు, టోపీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

"అమ్మా, నేనేం చెప్పాను?"

"చెప్పావు బాబూ."

"నోటి దగ్గరికి వెళ్లొద్దన్నానా లేదా?"

"అన్నావు. వెళ్లాను."

కుర్చీలో ఉన్న లిబెరో వైపు చూసి గొంతు తగ్గించాడు. "సరే, అయిందేదో అయింది. మా కార్ఖానా ద్వీలియోని పంపుతాను. పెదవి కొంచెం కిందికి లాగి పడేస్తాడు. ఎలాగూ సమాధి బొమ్మ. ఏడుపు ముఖమైతే ఎవరూ తప్పు పట్టరు."

ద్వీలియో చేతికి ఒకే నోరు వచ్చు. వీనస్‌కైనా, పిల్లల్ని పోగొట్టుకుని ఏడ్చే నియోబీకైనా, ఆరుగురు పిల్లల్ని కన్న మేయరు గారి పెళ్లానికైనా అదే నోరు.

"ద్వీలియో వద్దు. లిబెరో చేస్తాడు" అన్నాను. అనేదాకా నేను అలా అంటానని నాకే తెలియదు.

ఎర్మానో బాబు నన్ను జాలిగా చూశాడు. ఆ జాలి చూశాక నాకు పట్టుదల వచ్చింది.

"ఏ చేత్తో చేస్తాడమ్మా?"

"ఎడమ చెయ్యి ఉంది కదా. అది సుత్తికి. ఉలి పట్టుకోడానికి నా రెండు చేతులున్నాయి."

"ఆర్జియమ్మా, నువ్వు చలి పెట్టకుండానే వణికే మనిషివి."

"మే పండగ దాకా ఆగు బాబూ. అప్పటికి కాకపోతే ద్వీలియోని కాదు, నీ ఇష్టమొచ్చిన దయ్యాన్ని పంపు."

ఆయన ఔనన్నాడో లేదో కూడా తెలియదు. లారీ శబ్దం కిందికి పోయేదాకా గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. లిబెరోకి ఇంకా ఏమీ తెలియదు.

మార్చి 29

చెప్పాలి.

మార్చి 30, ఆదివారం

చెప్పాను. చెప్పడమంటే, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, ఎడమ బొటనవేలు ఆ పిల్ల పెదవి మీద పెట్టాను. వేలు మెల్లగా మూలకి జరిపాడు. ఆగాడు. వెనక్కి వచ్చి మళ్లీ జరిపాడు. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. మడోన్నా అంటాడని ఎదురుచూశాను. అనలేదు. ఆ ఒక్క మాట కూడా నాకు దక్కలేదు.

ఏప్రిల్ 1

నా వైపు చూడడు. చెంచా నోటికి అందిస్తే తింటాడు, కళ్లు మాత్రం కొండ మీద.

ఫోస్కా అడిగింది: "ఏమయింది మీకు? కొత్త దంపతుల్లా అలిగారు?"

ఏప్రిల్ 2, బుధవారం

పొద్దున్నే కర్రతో గూడు మీద కొట్టాడు. ఏం కావాలో అర్థం కాలేదు. నీళ్లిచ్చాను, టోపీ ఇచ్చాను, కిటికీ తీశాను. ప్రతిదానికీ "మడోన్నా" పెద్దదవుతూ వచ్చింది. చివరికి గూడు తలుపు తీస్తే ఉలుల మూట. మూట విప్పి సన్నది చేతిలో పెడితే, దాన్ని నా చేతికే తిరిగి ఇచ్చాడు.

నా వైపు చూశాడు.

ఏప్రిల్ 4

విరిగిన పాలరాయి ముక్క ఒకటి బల్ల మీద పెట్టి నేర్చుకుంటున్నాం. నేను ఉలి పట్టాలి, ఆయన ఎడమ చేత్తో కొట్టాలి. మొదటి దెబ్బ నా బొటనవేలికి తగిలింది. నేనూ మడోన్నా అన్నాను. లిబెరో నవ్వాడు. పడిపోయాక నవ్వడం ఇదే మొదలు. ముఖంలో సగమే నవ్వింది.

ఫోస్కా గుమ్మంలోంచి: "బాగుంది. ఇన్నేళ్లు ఆయన కొట్టలేదని బాధపడ్డావు కాబోలు!"

ఏప్రిల్ 6, ఈస్టర్

అల్బా మొగుడు వచ్చి వెళ్లాడు. వాపు తగ్గిందట, డాక్టరు బాగుందన్నాడట. ఈ మాట ముందే తెలిస్తే ఎంత రాయి మిగిలేది.

ఏప్రిల్ 10

ముక్క మీద కళ్లు చేశాం, చెవి చేశాం. చెవి బంగాళాదుంపలా వచ్చింది. ఉలి కొంచెం పడుకోబెట్టాలంటే సుత్తి పిడితో నా ఎడమ మోచేతిని తాకుతాడు, నిలబెట్టాలంటే కుడి మోచేతిని. ఆపాలంటే తెలిసిందే, మేరీమాత. ఆశ్చర్యం ఏమిటంటే, ఉలి పట్టుకున్నంతసేపూ నా చేతులు వణకడం లేదు. కింద పెట్టగానే వణుకుతున్నాయి.

ఏప్రిల్ 14, సోమవారం

ముఖం మీద మొదలుపెట్టాం.

పోయిన రాయిని అతికించలేం. మూల మళ్లీ రావాలంటే చుట్టూ ఉన్నదంతా ఇంకా లోపలికి పోవాలి. పెదవి, గడ్డం, రెండు చెంపలు, అన్నీ ఒక పొర వెనక్కి. అంటే మిగిలినది కూడా పాడు చేస్తేనే పోయినది వస్తుంది. ఇది రాస్తుంటే భయం వేస్తోంది. పొద్దున కొట్టేటప్పుడు వేయలేదు.

ఏప్రిల్ 16

గడ్డం.

ఏప్రిల్ 17

చెంప, ఎడమది. ఆయన అలసిపోయాడు. నేను ఇంకా చేద్దామన్నాను. నన్ను చూసి కళ్లు పెద్దవి చేశాడు.

ఏప్రిల్ 22, మంగళవారం

కింది పెదవి మీద ఉన్నాం. గని బూర మోగింది. పనిలోకి పిలిచేది కాదు, పొడవుగా, ఆగకుండా మోగే రెండోది. ఎవరికో ప్రమాదం.

మా టొరానోలో ఆ బూర మోగితే ఆడవాళ్లెవరూ ఇంట్లో ఉండరు. పొయ్యి మీద ఏది ఉంటే అది మాడాల్సిందే. లిబెరో గనిలో పనిచేసిన కాలంలో నేను ఒకసారి ఒక చెప్పుతో పరిగెత్తాను. వీధిలో తలుపులు తెరుచుకున్నాయి, అడుగులు, పేర్లు పెట్టి కేకలు. ఫోస్కా మోకాలు కూడా మరచిపోయి మా గుమ్మం ముందు నుంచి పరుగెత్తింది.

"వదినా, రావే! రినాల్దో పైనే ఉన్నాడే!"

ఉలి కొన పెదవి మూల మీద ఉంది. సుత్తి గాలిలో ఉంది. నేను కదిలితే గీత పెదవిని దాటి చెంపలోకి పోతుంది. నా కాళ్లు పరుగెత్తాయి, నిజంగా, నేల మీద కాళ్లు కొట్టుకోవడం నాకు తెలుస్తోంది. చేతులు మాత్రం అక్కడే ఉన్నాయి. లిబెరో నన్నే చూస్తున్నాడు. వెళ్లమని తల ఊపాడు.

"కొట్టు" అన్నాను.

కొట్టాడు. ఇంకోటి. ఇంకోటి. ఆ మూడు దెబ్బలూ అయ్యాక ఉలి కింద పెట్టి, అప్పుడు పరుగెత్తాను.

రినాల్దో క్షేమం. పక్క ఊరి మనిషికి కాలు విరిగింది. ఫోస్కా కొడుకుని కౌగిలించుకుని, వదిలి, చెంప మీద ఒకటి ఇచ్చింది. తర్వాత నా వైపు తిరిగింది.

"అందరికంటే చివర వచ్చావు. నువ్వు! కాకి అరిస్తే ఆరిపోయే దీపానివి!"

రినాల్దో మీద ప్రేమ లేక కాదు. కాని ఆ పిల్లని నోరు లేకుండా వదిలి రాలేకపోయాను.

ఫోస్కా రెండు రోజులు నాతో మాట్లాడదు. మూడో రోజు ఆగలేదు. నాకు తెలుసు.

ఏప్రిల్ 25

మాట్లాడింది. శనగలు కావాలట.

ఏప్రిల్ 28, సోమవారం

ఉలి పని అయిపోయింది. ఆకురాయి కూడా. అద్దంతో ఎండ పట్టి చూశాం, ముగ్గురం. మూల ఉంది. పోయినదానికంటే లోతుగా ఉంది.

ఫోస్కా తల ఒకవైపు వంచి, రెండో వైపు వంచి చూసింది.

"ఇది అది కాదే వదినా."

"తెలుసు."

"అప్పుడు నవ్వు ఆపుకుంటున్నట్టుండేది. ఇప్పుడు ఎక్కడో పక్కకెళ్లి తనివితీరా నవ్వేసి, వచ్చి ఏమీ ఎరగనట్టు నిలబడినట్టుంది. గింజలు తినేసింది, దొంగముండ."

లిబెరో కర్రతో నేల మీద గట్టిగా కొట్టాడు. "మడోన్నా!" ఔనన్నట్టు.

ఏప్రిల్ 29

నునుపు మిగిలింది. గరుకుగా వదిలేస్తే ముఖానికి దుమ్ము పట్టినట్టుంటుంది. నేను నోటిని ముట్టనన్నాను. మెడ చేస్తాను, చెంపలు చేస్తాను, నోరు మాత్రం ముట్టను, కార్ఖానాలో ఇంకో మనిషి ఎవరైనా చేస్తారు అన్నాను.

లిబెరో బక్కెట్లో చెయ్యి పెట్టి నురగరాయి తీసి నా అరచేతిలో పెట్టాడు. నేను కింద పెట్టాను. మళ్లీ తీసి పెట్టాడు. నా వేళ్లు మూసి, తన వేళ్లతో నా మణికట్టు పట్టుకున్నాడు. ఎడమ చెయ్యి ఇప్పుడు ఎంత బలంగా ఉందో.

రుద్దాను. ఊపిరి బిగబట్టి కాదు, మామూలుగా. మధ్యలో అల్బా గుర్తొచ్చింది. నా చెయ్యి తొందరపడింది కాబోలు, మణికట్టు మీద పట్టు బిగిసింది. ఆగాను. మళ్లీ మొదలుపెట్టాను. "మడోన్నా" అన్నాడు. ఇంకొక్కటి, ఇక్కడ ఇంకా గరుకుగా ఉంది అన్నాను. "మడోన్నా." రాయిని బక్కెట్లో పడేశాను.

మే 1, గురువారం

మే పండగకి ఊరంతా, దేవుడూ వద్దు దొరా వద్దు అనే అరాచకవాదుల నల్లజెండాలు పట్టుకుని కరారాకి దిగింది. లిబెరోని రినాల్దో బండిలో తీసుకెళ్లాడు. పాత స్నేహితులంతా చుట్టూ చేరారట, ఆయన ఒక్క మాటకే అందరూ చప్పట్లు కొట్టారట. జలుబు చేస్తుందేమోనని రెండు మఫ్లర్లు కట్టి పంపాను.

మే 3, శనివారం

ఎర్మానో బాబు వచ్చాడు. ఈసారి నేనే అద్దం పట్టాను. పక్కనుంచి చూశాడు, ఎదురుగా చూశాడు, మోకాళ్ల మీద కూచుని కిందినుంచి చూశాడు. టోపీ తీశాడు. మళ్లీ పెట్టుకోలేదు.

"మేస్త్రీ, ద్వీలియోకి ఈ సంగతి చెప్పను. చెబితే ఉలి కింద పెడతాడు" అన్నాడు. లిబెరో మురిసిపోయాడు. తర్వాత నాతో, "కాని అమ్మా, దెల్ఫీనా అమ్మగారు అడిగింది ఈ నవ్వు కాదు."

"కాదు."

"నోరు బిగించి ఆపుకునే నవ్వు అంది."

"ఔను."

"మరి ఎలా? కార్ఖానాకి దించుకుపోతాను. పై నుంచి వెలుతురు పడేచోట పెడితే అంత తేడా తెలియదు. మీరెవరూ రానక్కర్లేదు, నేను మాట్లాడతాను."

నా గుండె ఔననమంది. తలుపు వేసుకుని లోపల కూచోవడం నాకు చేతనైనంతగా ఇంకెవరికీ చేతకాదు.

"వద్దు బాబూ. బొమ్మ ఇక్కడే ఉంటుంది. ఆవిడనే పైకి రమ్మను. పక్కవాటు వెలుతురులోనే చూడాలి. మొదటి నోటిని నేనే అరగదీశానని చెబుతాను. ఇది మేమిద్దరం చేసిందని చెబుతాను. పిల్ల నవ్వు ఎలా ఉండేదో ఆవిడకి తెలుసు, మనకి తెలియదు కదా."

"ఒప్పుకోకపోతే?"

ఒప్పుకోకపోతే? ఆ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు వేసుకున్నానో ఆయనకి తెలియదు. ఆవిడ ఏడిస్తే? కోప్పడితే? మా పిల్ల కాదంటే? లిబెరో మళ్లీ పడిపోతే? అల్బాకి ఆ రోజే నొప్పులొస్తే? అన్నీ నన్ను నేనే అడిగాను. చేతిలోని అద్దంలోంచి ఎండ గోడంతా గెంతులు వేసింది.

"ఒప్పుకోకపోతే ఆవిడనే ఎదురుగా కూచోబెట్టుకుని మళ్లీ చేస్తాం. ముఖంలో ఇంకా రాయి ఉంది."

"మడోన్నా" అన్నాడు లిబెరో కుర్చీలోంచి.

ఎర్మానో బాబు మమ్మల్నిద్దరినీ చూసి తల కొట్టుకున్నాడు. తర్వాత కింద పోస్టాఫీసుకి వెళ్లి జెనోవాకి ఫోను చేసి, రొప్పుతూ మళ్లీ పైకి వచ్చాడు. ఆవిడ వస్తానందట. ఎండ షెడ్డులోకి పక్కనుంచి పడేది పొద్దున పూట కాబట్టి, పది గంటలకి రమ్మన్నాం.

ఆవిడ వచ్చే రోజు మే 18, ఆదివారం.